మీకు తెలుసా? ‘కైసేత’ అంటే దెబ్బలాట కాదు, సింగారం!

పెండ్లికి బయల్దేరే ఇంట్లో ఒకరు గడప దగ్గర నిలబడి ‘తయారైనవా?’ అని కేకేస్తారు. జనగామైనా, మానుకోటైనా, భూపాలపల్లైనా ఈ కేక ఒకటే. కాలేజీ పిల్లలైతే ‘రెడీయా?’ అంటారు. సినిమా పత్రిక ‘ముస్తాబు’ అని రాస్తుంది, గుళ్లో పూజారి ‘అలంకారం’ అంటాడు, బతుకమ్మ నాడు అమ్మమ్మ ‘సింగారం’ అంటుంది. వీటిలో ఏ ఒక్కటీ తెలుగు నేల మీద పుట్టిన మాట కాదు. ఇక్కడే పుట్టిన మాట వేరే ఉంది: కైసేత. కైసేయడం అంటే అలంకరించడం. కైసేసుకోవడం అంటే ముస్తాబవడం. పాత కావ్యాల్లో, శబ్దరత్నాకరం వంటి నిఘంటువుల్లో భద్రంగానే ఉంది, మన నోట్లో నుంచే జారిపోయింది. ఆ మాట కథా, దాని ఇరుగుపొరుగు మాటల కథలూ ఈసారి.

రెండు ముక్కల మాట

కైసేతను విడదీస్తే కై, చేత. కై అంటే చెయ్యి. చేత అంటే చేయడం. రెండూ కలిసినప్పుడు ‘చ’ కాస్తా ‘స’ అయింది. కాలు, చేతులు కలిసి ‘కాలుసేతులు’ అయినట్టే ఇదీ. తల్లీ తండ్రీ కలిస్తే తల్లిదండ్రులు, కూరా కాయా కలిస్తే కూరగాయలు. చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టిన గసడదవాదేశం ఇదే.

అంటే మన పూర్వీకులు అలంకారానికి పేరు పెట్టేటప్పుడు అందం మాటే ఎత్తలేదు. చేతులతో చేసే పని అన్నారు, అంతే. జడ అల్లడం, పూలు గుచ్చడం, కాటుక తీర్చడం, కొంగు సర్దడం, ఇవన్నీ చేతి పనులే కదా. పొరుగు భాషల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. పాత కన్నడంలో ‘కైగెయ్’ అన్నా అలంకరించడమే. కై అంటే చెయ్యి, గెయ్ అంటే చేయడం.

అవే మాటలు, అర్థం తలకిందులు

ఇప్పుడు కైసేసుకోవడాన్ని నేటి తెలుగులో మాటకు మాట పెట్టి చూడండి. చెయ్యి చేసుకోవడం! వాడు వీడి మీద చెయ్యి చేసుకున్నాడంటే ఊళ్లో పంచాయితీ మొదలైనట్టే. అవే రెండు ముక్కలు ఒక కాలంలో సింగారం, ఇంకో కాలంలో చెంపదెబ్బ. మాటలో మార్పేమీ లేదు, చెయ్యి ఎవరి మీద పడుతుందన్నదే తేడా. కాబట్టి పాత పద్యంలో రాకుమారిని చెలికత్తెలు కైసేశారని చదివితే కంగారు పడకండి.

చెరువుకూ చెవికీ చేతికీ చుట్టరికం

‘కై’ చెయ్యి ఎట్లా అయింది? తెలుగులో ఒక పాత మార్పు ఉంది. ఇ, ఎ వంటి అచ్చుల ముందు వచ్చిన ‘క’ మన భాషలో ‘చ’గా మారింది. కన్నడం పాత ‘క’నే ఉంచుకుంది. అందుకే కన్నడిగుల కివి మనకు చెవి. వాళ్ల కెడు మనకు చెడు. వాళ్ల కెరె మనకు చెరువు. వాళ్ల కై మనకు చెయ్యి.

రామప్ప చెరువు కట్ట మీద నిలబడ్డా, ఘన్‌పూర్ గణపసముద్రం చూసినా, కాకతీయుల తటాకాలతో పాటు ఆ ‘చెరువు’ అనే మాటలో అంతకంటే పాత మార్పు ఒకటి నిలిచి ఉందన్నమాట. అయితే జంట మాటల్లో ఇరుక్కున్న కొన్ని చోట్ల పాత ‘కై’ మారకుండా మిగిలింది. అట్లాంటి చోట్లలో కైసేత ఒకటి.

ఇంకా ఎక్కడెక్కడ దాక్కుంది?

కైమోడ్పు: రెండు చేతులూ మోడ్చి పెట్టే దండం. కైదండ: పట్టుకోవడానికి అందించే చెయ్యి. కైదువు: చేతిలో ఉండే ఆయుధం. కైకొనడం: చేతిలోకి తీసుకోవడం, అంటే స్వీకరించడం. కైవసం: చేతికి చిక్కడం. ఎన్నికల వార్తల్లో ‘ఫలానా పార్టీ జిల్లాను కైవసం చేసుకుంది’ అని చదివిన ప్రతిసారీ ఈ ప్రాచీన హస్తాన్ని మనం తాకుతూనే ఉన్నాం.

అయితే ‘కై’ కనబడిందల్లా చెయ్యి కాదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర పోతన ఊరుగా ప్రసిద్ధి. ఆయన భాగవతం మొదటి పద్యంలోనే పలకరించే ‘కైవల్యం’ సంస్కృత పదం, ‘కేవల’ నుంచి వచ్చింది. దానికీ చేతికీ సంబంధం లేదు.

తారుమారైన సింగారం

భాగవతం దశమ స్కంధంలో రాసలీల ఘట్టం తెలుసు కదా. వేణునాదం వినబడగానే గోపికలు చేస్తున్న పని చేస్తున్నట్టే వదిలి పరుగెత్తుతారు. ఒకరు మైపూత పూసుకుంటూ, ఇంకొకరు కళ్లకు కాటుక పెట్టుకుంటూ లేస్తారు. కొందరైతే చీరలూ నగలూ తారుమారుగా తొడుక్కునే వెళ్లిపోతారు. అలంకారం పూర్తి కాకపోవడాన్నే భక్తికి గుర్తుగా చూపించిన ఘట్టం ఇది. చేతులు పని మానేశాయంటే మనసు ఎక్కడికి పోయిందో కవి వేరే చెప్పనక్కర్లేదు.

ఏనుగుకూ సింగారమే

సింగారం సంస్కృత శృంగారానికి తద్భవం. శృంగారం అనగానే నేటి పాఠకుడికి నవరసాల్లో మొదటిది గుర్తొస్తుంది. భరతుడి నాట్యశాస్త్రం ఆ రసాన్ని చెప్పేటప్పుడే వెలుగులీనే వేషంతో ముడిపెట్టింది. రసానికీ బట్టకూ బంధుత్వం అప్పటిదే. ఉత్తరాదిన పెండ్లికూతురి పదహారు అలంకారాలను ‘సోలహ్ సింగార్’ అంటారు, అదీ ఈ కుదురే.

సంస్కృతంలో శృంగారానికి ఇంకో అర్థం ఉంది. ఏనుగు తల మీద, తొండం మీద సిందూరంతో దిద్దే ఎర్రటి గీతలూ శృంగారమే. ఆ దిద్దుడు వల్లే ఏనుగుకు ‘శృంగారి’ అనే పేరూ వచ్చింది. ఈ ప్రాంతాన్ని ఏలిన కాకతీయ గణపతిదేవుడి కొలువులో జాయప సేనాని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. 1253-54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ రాసిందీ ఆయనే. ఏనుగుల సింగారమూ నర్తకి సింగారమూ రెండూ తెలిసిన మనిషి.

రాతికి కైసేత

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి పాలంపేటలో ఉంది. 2019లో ములుగు కొత్త జిల్లా అయ్యేదాకా అది భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. 2021 జూలైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూరు కింద నిలబడిన నల్లరాతి మదనికల మెడలో హారాలు, చేతులకు కడియాలు, నడుముకు మేఖల, కాళ్లకు అందెలు. పూసకు పూస విడివిడిగా కనిపించేంత సన్నటి పని. ఒక బొమ్మకు ఎత్తు మడమల పాదరక్షలు కూడా ఉన్నాయి. హైహీల్స్ నిన్నమొన్నటి షోకు అనుకునేవాళ్లు అక్కడొకసారి తలెత్తి చూడాలి.

నగలు రాతి మీద అతికించినవి కావు. బొమ్మా నగా ఒకే రాయి, ఒకే ఉలి. చేతి పని అనే అర్థంలో కైసేతకు ఇంతకంటే సరిపోయే చోటు దొరకదు.

‘చాలు’ అనిపించేదే అలంకారం

అలంకారం అన్న మాటలో ‘అలం’ అంటే చాలు, సరిపోయింది. అలంకారం అంటే చాలినంత చేయడం, తగినట్టు సిద్ధం చేయడం. ఒంటి మీద ఇంకో నగ పట్టనంతగా దిగేసుకోవడం అలంకారం కాదని ఆ మాటే చెబుతోంది. పెండ్లి పట్టు చీరల దుకాణాలవాళ్లకు నచ్చే అర్థం కాదిది.

దేవుళ్ల అలంకారానికి జనగామ పక్కన ఒక ఊరే ఉంది. వరంగల్ రహదారి మీది పెంబర్తి. అక్కడి పనివాళ్లు ఇత్తడి, కంచు, రాగి రేకుల మీద నగిషీ చెక్కి దేవుళ్లకు తొడుగులు, గుళ్లకు తోరణాలు, రథాలకు రేకులు చేస్తారు. పెంబర్తి లోహశిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

వేషం అంటే మొదట పని

‘వేషాలేస్తున్నవా?’ అని తిట్టేటప్పుడు వేషం అంటే మోసమనే అనుకుంటాం. సంస్కృతంలో ఆ మాట తొలి అర్థం వేరు. యజుర్వేద కాలపు వాడుకలో వేషం అంటే పని, చేత. దుస్తులు, రూపం అనే అర్థం తరువాత వచ్చింది. అంటే సంస్కృతం వాళ్లూ తెలుగువాళ్లూ ఎవరి దారిన వాళ్లు నడిచి ఒకే చోటికి చేరారు. కైసేతా పనే, వేషమూ పనే.

ఇది నిజమని చెప్పడానికి చిందు యక్షగానం కళాకారులను మించిన సాక్షులు ఉండరు. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అయిదు దశాబ్దాల పైబడి 19,000కు మించిన ప్రదర్శనలు ఆయనవి. ఒక్కో ప్రదర్శనకూ ముందు ముఖానికి రంగు, తలకు కిరీటం, భుజాలకు భుజకీర్తులు, కాళ్లకు గజ్జెలు. తేలికైన కర్రతో చేసి, రంగులద్ది, తళుకులు అతికించిన సొమ్ములవి. దీపం వెలుగులో బంగారమైపోతాయి. రాజు వేషం కట్టాలంటే బంగారం అక్కర్లేదు, పనితనం కావాలి. ఆట మొదలయ్యే సరికే అక్కడ ఒక పని ముగిసి ఉంటుంది. చూసేవాళ్లకు మాత్రం అప్పుడే మొదలైనట్టు ఉంటుంది.

నేపథ్యం వెనక్కి ఎట్లా పోయింది?

‘గ్రామీణ నేపథ్యంలో సాగే కథ’, ‘నేపథ్య గాయని’. ఇప్పుడు నేపథ్యం అంటే వెనుక ఉన్నది. సంస్కృత నాటకాల కాలంలో నేపథ్యం అంటే నటుడు వేసుకునే వేషధారణ, ఆభరణాలు. ఆ వేషం వేసుకునే గదికీ అదే పేరు. తెర వెనుక ఉండేది కాబట్టి నాటకాల్లో మనిషి కనబడకుండా మాట వినబడితే ‘నేపథ్యంలో’ అని రాశారు. మెల్లగా వేషం జారిపోయింది, వెనుక మాత్రం మిగిలింది. నేపథ్య గాయని అంటే అక్షరాలా మేకప్ గదిలోంచి పాడే మనిషి!

తయారైతే ఎగరొచ్చు

మళ్లీ గడప దగ్గరి కేకకు వద్దాం. తయారు అనేది ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. దాని వెనుక అరబ్బీ ‘తయ్యార్’ ఉంది, అంటే ఎగిరేది. రెక్కలొచ్చి ఎగరడానికి సిద్ధమైన పక్షిని అట్లా అన్నారని, అక్కడి నుంచే సిద్ధం అనే అర్థం వచ్చిందని నిఘంటుకర్తల వివరణ. నేటి అరబ్బీలో ‘తయ్యార్’ అంటే విమానం నడిపే పైలట్. గల్ఫ్‌లో పని చేసే మన ఊరి పిల్లగాడికి ఈ సంగతి ఒక్కసారి ఫోన్ చేసి చెప్పండి, నవ్వుకుంటాడు.

షోకు కూడా ఉర్దూ ‘షౌక్’ నుంచి వచ్చిందే. అక్కడ దానికి ఇష్టం, ఆసక్తి అని అర్థం. మనం దాన్ని పట్టుకొచ్చి అద్దం ముందు నిలబెట్టాం.

చిన్న మాటలు, పెద్ద పనులు

తొడవు అంటే నగ. తొడుక్కునేది కాబట్టి తొడవు. సొమ్ము అంటే ఆస్తీ అవును, ఆభరణమూ అవును. ఆడవాళ్లకు బ్యాంకు ఖాతాలు లేని రోజుల్లో ఆ రెండూ ఒకటే కదా. దిద్దడం అంటే సవరించడం. బొట్టు దిద్దుతాం, పలక మీద అక్షరాలు దిద్దుతాం, తప్పు చేసిన పిల్లవాణ్ని దిద్దుతాం. చెవికి పెట్టుకునే దిద్దు పలకడానికి దీనికి తోబుట్టువు లాగే ఉంటుంది. కంటె, గుండ్లపేరు, బుగడలు, కమ్మలు, దండకడియాలు, పట్టగొలుసులు: ఒక్కో నగ పేరూ ఒక కంసాలి చేతి ముద్ర.

తండాలో సూదే కలం

మహబూబాబాద్ జిల్లా అంటే తండాల జిల్లా. లంబాడీ ఆడవాళ్ల సంప్రదాయ దుస్తుల్లో ఒక్కోదానికి వాళ్ల భాష గోర్ బోలీలో ఒక్కో పేరు. నడుము నుంచి పాదాల దాకా ఫేటియా, రవికగా కాంచళి, తల మీద టుక్రి. మోచేతి పైదాకా బళియాలు. ఒకప్పుడు దంతంతో చేసేవారు, ఇప్పుడు ప్లాస్టిక్‌వి. జుట్టుకు రెండు వైపులా వేలాడే ఘూగ్రి, టోప్లి పెండ్లయిన ఆడవాళ్ల గుర్తు. బట్ట మీద అద్దాలు, గవ్వలు, పాత నాణేలు, రంగు దారాలు కలిపి కుట్టడం తల్లి దగ్గర కూతురు నేర్చుకునే విద్య. దేశమంతా తిరిగి సరుకు మోసిన బంజారాలు ఇల్లూ పొలమూ వెంట తీసుకుపోలేరు. మోయగలిగిందంతా ఒంటి మీదే కుట్టుకున్నారు.

శ్రావణంలో తీజ్ వచ్చినప్పుడు పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆ రోజుల్లో పాత పేటికలు తెరుచుకుంటాయి. ఇప్పుడు చాలామంది నిత్యం చీరలోనే కనిపిస్తున్నా, తీజ్ నాటికి ఫేటియా బయటికి రావాల్సిందే.

బతుకమ్మను సింగారించరు, పేరుస్తారు

తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు వరుస మీద వరుస ఎక్కించడాన్ని మన దగ్గర ‘బతుకమ్మను పేర్చుడు’ అంటారు. తెల్లటి గునుగు పూలకు ముందే రంగులద్ది ఆరబెట్టి పెట్టుకుంటారు. గమనించారా, ఇక్కడా మాట అందం గురించి లేదు. పేర్చడం పూర్తిగా చేతి పని. 2014 నుంచి ఇది తెలంగాణ రాష్ట్ర పండుగ.

ప్రపంచంలోనూ ఇదే కథ

ఇంగ్లిష్ ‘డ్రెస్’ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. మొదటి అర్థం తిన్నగా చేయడం, సిద్ధం చేయడం. గాయానికి కట్టు కట్టడాన్ని ఇప్పటికీ డ్రెస్సింగ్ అంటున్నది అందుకే. ‘కాస్మెటిక్’ గ్రీకు ‘కాస్మోస్’ పిల్ల. కాస్మోస్ అంటే క్రమం, పొందిక. విశ్వానికీ అదే పేరు, ముఖానికి పూసే క్రీముకూ అదే పేరు.

ఇన్ని భాషలు వెతికినా, ముస్తాబు మాటల అడుగున తేలేది ఇదే: చేయడం, సర్దడం, సిద్ధం కావడం. అందం తరువాత వచ్చి చేరిన అర్థం. తెలుగు ఒక అడుగు ముందుకేసి, ఆ పని చేసేదేదో కూడా పేరులోనే చెప్పింది.

ఇక మీ వంతు. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల కాలపు నగల పేర్లు, జడల పేర్లు, కట్టు పేర్లు అడిగి రాసి పెట్టుకోండి. వాళ్లతో పాటే పోయే మాటలవి. ఈసారి పెండ్లికి బయల్దేరేటప్పుడు గడప దగ్గర ‘కైసేసుకున్నవా?’ అని ఒక్క కేక వేయండి. లోపలి నుంచి ఎవరైనా ‘ఎవరి మీద?’ అని అడిగితే ఈ పేజీ చూపించండి.